అంచు, బెజవాడ

మా వదిన పోయిందని తంతి వచ్చింది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే, నేను వాకిట్లో బియ్యం చెరుగుతుంటే. తంతి మనిషిని చూసి నేను భయపడలేదు, పైగా నవ్వాను. చల్లపల్లిలో మా ఇంటికి బెజవాడ నుంచి తంతులు రావడం, అవన్నీ చీరల కబుర్లే కావడం ఇన్నేళ్ళుగా అలవాటు. చేట కింద పెట్టి, చేతులు దులుపుకుని విప్పాను. "వదిన లేదు, వెంటనే రా" అని ఇంగ్లీషు అక్షరాల్లో మా అన్నయ్య కొట్టించిన తెలుగు. కొద్ది రోజుల జ్వరమట. ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవడం ఆవిడా నేనూ కలిసి నేర్చుకున్నాం.

బెజవాడ వెళ్ళి, జరగవలసినవి జరిగాక తిరిగొచ్చాను. మీలో చాలామంది ఆవిణ్ణి చూసి ఉండరు. చీరల కొట్టు నడిపిన ఒక మామూలు ఇల్లాలు. కానీ సంబరంగా బతికిన మనిషి. ఆవిడ గురించి ఏడుపు మొహంతో రాస్తే ఆవిడకే నచ్చదు.

అన్నయ్య కొట్టు బెజవాడ పాత ఊళ్ళో ఒక మేడ మెట్ల కింద ఉండేది. లోపల ఇద్దరు కూర్చుని బేరం చేస్తుంటే మూడో మనిషి వీధిలో నిలబడాల్సిందే. చల్లపల్లి పక్కన మావాళ్ళుండే నేతపేట ఒకటుంది. అక్కడ నేసిన చీరలే అన్నయ్య అమ్మేవాడు. కొనేవాళ్ళు ఉయ్యూరు నుంచీ, కూచిపూడి నుంచీ బస్సెక్కి వచ్చేవాళ్ళు. యుద్ధం వచ్చాక పెట్రోలు లేక కొన్ని బస్సులు ఆగిపోయాయి. మిగిలినవి వెనక బొగ్గు కుంపటి తగిలించుకుని దగ్గుతూ నడిచేవి. చీర కోసం ఆ పొగలో ఎవరొస్తారు? అన్నయ్య పొద్దున కొట్టు తీసి, సాయంత్రం దాకా వీధిలోకి చూసి, తాళం వేసుకుని వచ్చేవాడు. ఉయ్యూరు చెరుకు ఫ్యాక్టరీలో గుమాస్తా పని ఉందని ఎవరో చెబితే దాని మీదకి మనసు పోయింది కూడా. ఇక్కడ పేటలోనూ అంతే. మగ్గాలు దింపేసి చెరుకు కోతకి పోదామని మాటలు మొదలయ్యాయి.

"మంచి సరుకుంటే వాళ్ళే వస్తారు. రాకపోతే మన రాత" అనేవాడు అన్నయ్య.

"మంచి సరుకుందని వాళ్ళకి చెప్పేదెవరండీ?" అంది వదిన ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "వాళ్ళు రాలేకపోతే మనమే వెళ్దాం. మనం వెళ్ళలేకపోతే కార్డు ముక్క వెళ్తుంది."

అలా మొదలైంది. అచ్చాఫీసుకి తనే వెళ్ళి పోస్టుకార్డుల మీద కొట్టు పేరు వేయించింది. ఎవరు చీర కొన్నా పొట్లం చేతికిస్తూ, "మీకు ఉత్తరాలొచ్చే పోస్టాఫీసు ఏదండీ?" అని అడిగేది. అడ్రసులన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టుకునేది. కొత్త రంగు దిగితే కార్డు, పండగ ముందు కార్డు, పాపాయి పుట్టిందని తెలిస్తే కార్డు. అడిగిన చీర లేకపోతే ఆ సంగతి ఆ పూటే రాసేది. "ఉందన్న కబురు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. లేదన్న కబురు మాత్రం వెంటనే వెళ్ళాలి, పాపం ఎదురుచూస్తారు" అనేది. పోస్టులో పార్సిళ్ళు వెళ్ళడం మొదలయ్యాక అన్నయ్య ఫ్యాక్టరీ మాట మళ్ళీ ఎత్తలేదు.

తరవాత తంతి అడ్రసు. కొట్టు పేరూ, వీధి పేరూ అన్నీ రాయకుండా ఒక్క మాట రిజిస్టరు చేయించుకుంటే, ఆ మాటకి వచ్చిన తంతులన్నీ కొట్టుకి చేరతాయి. ఇద్దరూ తంతి ఆఫీసుకి వెళ్ళారు.

"పొట్టి మాట చెప్పండమ్మా" అన్నాడు గుమాస్తా.

వదిన కాసేపు ఆలోచించి, తన పమిట అంచు చేత్తో పట్టుకుని, "అంచు" అంది.

"చీర అని పెట్టుకోవచ్చుగా?" అన్నాడు అన్నయ్య.

"చీరలు అందరూ అమ్ముతారండీ. మనవాళ్ళు అంచు చూసేగా కొనేది!"

ఆ మాట ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గుమాస్తా చేత రాయించుకొచ్చి, రోజూ వాకిట్లో ముగ్గు వేశాక పక్కనే ముగ్గుపిండితో ఆ అక్షరాలు దిద్దేది. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు నాచేతా దిద్దించింది.

మొదటి తంతి మాత్రం ఘోరమైపోయింది. ఉయ్యూరు దగ్గర ఒక రైతు గారింట్లో పెళ్ళికి చీరలు కావాలన్నారు. పేటలో పెద్ద నేతగాడి మగ్గం మీద పని మొదలైంది. ఇంతలో ముహూర్తం ముందుకు జరిగింది. కార్డు రాస్తే ఆలస్యమవుతుందని వదిన తిన్నగా ఆ నేతగాడి పేరనే తంతి కొట్టించింది. ఆ ఇంటి కొడుకు పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడనీ, నెలల తరబడి కబురు లేదనీ ఆవిడకి తెలియదు.

మా వారు ఇక్కడ బడిపంతులు. చదివి పెట్టమని మనిషొస్తే ఆయనతోపాటు నేనూ పరుగెత్తాను. మగ్గాలన్నీ ఆగిపోయి పేట నిశ్శబ్దంగా ఉంది. నేతగాడు విప్పని తంతి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన భార్య నేల మీద కూలబడి ఉంది. మా వారు చెయ్యి చాచగానే ఆవిడ అడ్డం పడింది.

"చదవకండి పంతులుగారూ. మీరు చదవనంతసేపూ నా కొడుకు బతికే ఉంటాడు."

ఆయన మెల్లిగా విప్పి చూసి, "పెళ్ళి కబురమ్మా! చీరలు తొందరగా కావాలట, అంతే" అన్నారు. ఆవిడ నమ్మలేదు. మళ్ళీ చదవమంది. "మావాడి పేరు ఎక్కడా లేదూ?" అని అడిగింది. లేదంటే ఇంకోసారి చదవమంది. అప్పుడు ఏడ్చింది.

జరిగింది రాస్తూ వదినకి కార్డు వేశాను. జవాబు రాలేదు, మనిషే వచ్చింది. మొహం నిండా బొగ్గు మసి. మా ఇంట్లో కాళ్ళయినా కడుక్కోకుండా పేటకి వెళ్ళి నేతగాడి భార్య ముందు కూర్చుంది.

"నావల్లే పిన్నీ. నాకు తెలియక చేశాను."

"తెలిసి ఎవరు చేస్తారే అమ్మాయీ?" అంది ఆవిడ. వదిన మొహం చూసి కొంగుతో మసి తుడిచింది. "ఆ పూట కొడుకు పోయాడనుకున్నాను. పోలేదని చెప్పిందీ నీ తంతే. మంచినీళ్ళు తాగుతావా?"

ఆ చీరలు పెళ్ళివేళకి అందాయి. కానీ వదిన అక్కడితో వదల్లేదు. ఆనాటి నుంచి కార్డుల మీద తంతి అడ్రసూ, దాని అడుగున ఒక వాక్యమూ అచ్చు వేయించింది: "మా నుంచి తంతి వస్తే భయపడకండి, చీరల కబురే." పేటకి వెళ్ళవలసిన తంతులన్నీ మా ఇంటి పేరన పంపేది. నేను తీసుకెళ్ళి చెప్పాలి. అందుకు నాకో పద్ధతి కూడా నేర్పింది.

"అమ్మాయ్, వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి నవ్వితే లాభం లేదు. పేట మొదట్లోనే నవ్వడం మొదలుపెట్టు. దూరం నుంచే కనపడాలి."

అలా వీధి పొడుగునా ఒంటరిగా నవ్వుకుంటూ నడిచేదాన్ని. కొత్తవాళ్ళు ఏమనుకునేవాళ్ళో దేవుడికెరుక!

నేతగాడి భార్య కొడుక్కి ఉత్తరం రాయించుకోవాలంటే మా వారి దగ్గరికే వచ్చేది. మా ఇంట్లో ఉండేవి వదిన పంపిన అచ్చు కార్డులే కాబట్టి, ఆయన వాటి మీదే రాసేవారు. అవి అతనికి చేరుతున్నాయో లేదో ఎవరికీ తెలియదు. యుద్ధం అయిపోయాక కొన్నాళ్ళకి, బెజవాడ కొట్టుకి మద్రాసు నుంచి ఒక తంతి వచ్చింది. క్షేమంగా దిగాను, మా అమ్మకి చెప్పండి, అని. ఇంటికి తంతి కొడితే తల్లి గుండె ఆగిపోతుందని అతనికి భయం. కార్డులు చేరాయన్నమాట, వాటి మీది "అంచు, బెజవాడ" గుర్తుంది.

వదిన దాన్ని మాకు తంతిగా పంపలేదు. అన్నయ్య ఊళ్ళో లేడు. ఉన్నపళంగా కొట్టుకి తాళం వేసి బస్సెక్కింది. ఆవిడా నేనూ పేటకి వెళ్ళాం. మొదటి ఇంటి దగ్గరే నవ్వడం మొదలుపెట్టింది కానీ కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతున్నాయి. నేతగాడి భార్య రాట్నం ఆపి లేచి నిలబడింది.

"మీ అబ్బాయి దిగాడు పిన్నీ. మద్రాసులో. రైలెక్కుతున్నాడు."

ఆవిడ వదిన చేతులు పట్టుకుంది. "నవ్వుతూ వస్తుంటే చీరల కబురనుకున్నానే" అంది. అతను ఇప్పుడు తండ్రి మగ్గం మీదే కూర్చుంటున్నాడు. వదినకి కట్టిన ఆఖరి చీర అతను నేసిందే.

నిరుడు కొట్టులోకి టెలిఫోను వచ్చింది. కొన్నాళ్ళదాకా అన్నయ్య దాని జోలికి పోలేదు. వదినకి మాత్రం కొత్త చుట్టం వచ్చినంత సంతోషం. గంట మోగితే పమిట సర్దుకుని లేచి నిలబడేది. ఎదురుగా మనిషి ఉన్నట్టే "రండి రండి" అనేది. నేను చివరిసారి వెళ్ళినప్పుడు బందరు నుంచి ఎవరో పెద్దావిడ ఫోను చేశారు. చీర నేత గట్టిదేనా, గంజి సరిగ్గా పట్టిందా అని అనుమానం. వదిన ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరలేదు.

"అయితే మీరే వినండమ్మా" అని వదిన ఒక కొత్త చీర మడత తీసి, ఫోను దగ్గరికి పెట్టి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. గరగరమని చప్పుడు. తరవాత ఫోను చెవికి ఆనించి, కళ్ళు పెద్దవి చేసుకుని, అటునుంచి ఏమంటారా అని ఊపిరి బిగబట్టి నిలబడింది.