సొరుగులో ఉప్పు పొట్లం

వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అనేవారు. ఆయనది రెండు కుర్చీల సెలూన్. ఇరవై ఆరేళ్లుగా పొద్దస్తమానం నిలబడే పని. సాయంత్రానికి చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి గాట్లు పడుతుంటే, నిలబడటం వల్లే అనుకున్నాడు. కళ్ల కింద కూడా వాచిన రోజున భార్య ఊరుకోలేదు, ఆస్పత్రికి లాక్కెళ్లింది. కిడ్నీలు చాలావరకు చేతులెత్తేశాయన్నారు.

"తిండి అదుపులో ఉంటే డయాలసిస్ దాకా పోకుండా కొన్నేళ్లు నెట్టుకురావచ్చు" అంటూ డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చింది.

ఆ కాగితం భార్య చేతికొచ్చింది. ఇక ఇంట్లో ఆవిడ మాటే శాసనం. కూరగాయలు సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు వండేది. రుచి కాస్తా ఆ నీళ్లతోనే పోయేది. అరటిపండు లేదు, టమాటా లేదు. రోజంతటికీ నీళ్లు ఒక్క సీసా. ఉప్పు అర చెంచా, అదీ ఆవిడ చేత్తోనే.

"గడ్డి తిన్నట్టుందే."

"గడ్డి తినైనా బతకండి."

షాపులోనూ సుఖం లేదు. కత్తెర కింద తల పెట్టిన ప్రతివాడూ వైద్యుడే. ఒకడు ఆకురసం తాగమనేవాడు, ఇంకొకడు ఉపవాసం ఉండమనేవాడు. చెప్పేసి, ఆయన ఎదుటే టీ తెప్పించుకుని జుర్రుకునేవాళ్లు. నాలుక పిడచకట్టి, ఒకప్పుడు కబుర్ల పుట్ట అనిపించుకున్న మనిషి ఊ కొట్టడంతో సరిపెట్టేవాడు.

ఒకరోజు ఎదురుగా ఉన్న బల్బుల కొట్టాయన ఒక ఉప్పు పొట్లం తెచ్చాడు.

"ఇందులో సోడియం తక్కువ మేస్త్రీ. మా నాన్నకు బీపీ ఉంటే డాక్టరే వాడమన్నాడు. నీకూ ఏం కాదు, వేసుకో."

మేస్త్రి దాన్ని సొరుగులో పాత బ్లేళ్ల డబ్బా వెనక దాచాడు. భార్యకు చెబితే దక్కనివ్వదని భయం. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పి, అన్నం మీద, కూర మీద ధారాళంగా చల్లుకున్నాడు. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా పన్నెండు రోజులు.

పదమూడో రోజు ఒకాయనకు గడ్డం గీస్తుంటే వేళ్లలోంచి కత్తి జారింది. కాళ్లు తనవి కానట్టయ్యాయి. గుండె నాలుగుసార్లు కొట్టుకుని, ఒకసారి మరిచిపోతోంది. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఉన్న ఆ మనిషే ఆయన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

రక్తంలో పొటాషియం ఆకాశాన్నంటింది. ఇంజెక్షన్లిచ్చి, ఛాతీకి వైర్లు తగిలించారు. కాస్త నిలకడగా ఉన్నాడన్నాక డాక్టరమ్మ భార్య వైపు తిరిగింది.

"ఏమ్మా, కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయడం లేదా? పొటాషియం దిగేది ఆ నీళ్లలోనే."

"పారబోస్తూనే ఉన్నానమ్మా... నేనే ఎక్కడో పొరపాటు చేసుంటాను."

ఆవిడ వారం రోజుల వంటలూ వేళ్ల మీద లెక్కేసుకుంటూ, తన తప్పేదో వెతుక్కుంటోంది. మంచం మీంచి మేస్త్రి చూస్తున్నాడు. నోరు మెదపకపోతే సంగతి అక్కడితో పోతుంది. కానీ ఆ వేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలెట్టేసరికి తట్టుకోలేకపోయాడు.

"దాన్ని అనకండమ్మా. నా షాపు సొరుగులో వేరే ఉప్పుంది."

పొట్లం సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆ ఉప్పులో సోడియం తగ్గించి, దాని బదులు పొటాషియం కలుపుతారట. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, మీకు అది విషమే అంది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే లాక్కునేదానివి."

"లాక్కునేదాన్నే" అని గిన్నెలు కడగడానికి లేచింది.

మళ్లీ షాపు తెరిచాక రోజూ ఒంటిగంటకు ఆవిడే క్యారేజీ తెచ్చి, గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చుంటోంది. ఆవిడ ఉన్నంతసేపూ అందరూ పేపరు చాటున నోరు మూసుకుంటారు. మేస్త్రి అద్దానికెదురుగా కూర్చుని చప్పటి ముద్దలు నములుతాడు. ఎటు చూసినా అద్దంలో ఆవిడ కళ్లే.

"నీళ్లు?" అంటాడు.

"సాయంత్రం దాకా రెండు గుక్కలే ఉన్నాయి. ఇప్పుడే తాగేస్తారా?"

మేస్త్రి సీసా కేసి చూసి, మూత తియ్యకుండానే పక్కన పెట్టి, గుడ్డ దులిపి తర్వాతి మనిషిని కుర్చీలోకి పిలుస్తాడు.