లేసు కట్టే వంతు

మా కోచ్ సార్ మరణవార్త నాకు కాజీపేట నుంచి ఫోనులో అందింది. చెప్పినవాడు ఒకప్పుడు మా జట్టులో నా స్థానంలోకి వచ్చిన గోల్‌కీపర్. "అన్నా, సార్ పోయిండు. ఐస్ బాక్సుల పెట్టిండ్రు. జల్ది రా" అన్నాడు. ఫోను పెట్టేసే ముందు, "ఇన్నేండ్లకు ఐస్ దొరికింది సార్‌కు" అని కూడా అన్నాడు. అందులో వెక్కిరింపు లేదు. సార్ దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళకు దుఃఖం కూడా ఆ రూపంలోనే వస్తుంది.

ఆ మాట అర్థం కావాలంటే మా జట్టు సంగతి కొంత చెప్పాలి. వరంగల్‌లో ఒక రోలర్ హాకీ జట్టు ఉండేదని పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. సార్ యౌవనంలో సైన్యంలో డ్రైవరుగా పనిచేశారు. లడఖ్‌లో ఉన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద సిపాయిలు ఐస్ హాకీ ఆడటం చూసి, తానూ నేర్చుకొని, ఆ పిచ్చితోనే ఊరికి తిరిగి వచ్చారు. ఇక్కడ మంచు ఎక్కడిది? అందుకని మా కాళ్ళకు చక్రాలు కట్టించారు. "మన దిక్కు చెరువు గడ్డకట్టేదాంక ఆగితే మనమే గడ్డకడ్తం" అనేవారు.

మాకు సొంత మైదానం లేదు. నేను కూలి చేసే బియ్యం మిల్లులో ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు ఉండేది. సాయంత్రం వడ్లు ఎత్తేసిన తరువాత వాడుకోవడానికి సార్ సేటును ఒప్పించారు. గచ్చు ఊడ్చేవాణ్ణి నేనే కనుక, ఊడుస్తూ చూస్తూ జట్టులో చేరిపోయాను. చక్రం కింద ఒక్క గింజ పడినా మనిషి బోర్లా పడతాడు. పడినవాణ్ణి సార్ లేపేవారు కాదు. నా వైపు తిరిగి, "ఏందిర, కోళ్ళకు దాణా ఏసినవా?" అనేవారు.

వాన నీరు పోవడానికి అటువంటి గచ్చులకు ఒక పక్కకు వాలు పెడతారు. ఆ వాలు మీదనే నిలబడి ఆట నేర్చుకున్న మాకు అది వాలు అన్న స్పృహే లేకపోయింది. ఉన్నది ఒకే గోలు. దాని వైపు కొట్టిన బంతి కుడిపక్కనున్న కాలువ దిక్కుకు జారుతుంది కనుక, మా వాళ్ళందరికీ ఎడమకు గురిపెట్టడం అలవాటైపోయింది. మొదటిసారి హైదరాబాదులో పోటీకి వెళ్ళాం. అక్కడి రింకు, అంటే స్కేట్లతో ఆడే గచ్చు, చదునుగా ఉంది. మేము కొట్టిన బంతులన్నీ గోలుకు ఎడమపక్కగా పోయాయి. చూడవచ్చిన జనం మొదట నవ్వారు. తరువాత మా వాళ్ళు కర్ర ఎత్తగానే బంతి ఎటు పోతుందో ముందే చేయి చాపి చూపించసాగారు.

తిరుగు రైలులో కాజీపేట వచ్చేదాకా సార్ ఒక కాగితం మీద గచ్చు బొమ్మ గీస్తూ కూర్చున్నారు. దిగిన తరువాత, "గచ్చును మనం మార్చలేం. గోలును మారుద్దాం" అన్నారు. మరునాడే గోలును వాలుకు ఎగువన పెట్టించారు. అప్పటి నుంచి మా వాళ్ళు ఎత్తుకు ఎదురుగా బంతిని కొట్టవలసి వచ్చింది. మణికట్లు వాచాయి, తరువాత గట్టిపడ్డాయి. చదును నేల మీదకు వెళ్ళేసరికి మా బంతులకు ఎదురు నిలవడానికి అవతలి జట్లు జంకాయి. మేము గెలవడం మొదలైంది అప్పుడే.

ఎగువన ఉన్న ఆ గోలులో నిలబడ్డవాణ్ణి నేను. నా దాకా వచ్చేసరికి ప్రతి బంతీ అలసిపోయి వచ్చేది. ఆపడం సులువు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను. ఆ జట్టులో నా చోటు తప్ప లోకంలో నాది అనదగినది నాకు మరొకటి లేదు. కానీ చదును రింకులలో బంతి నన్ను దాటిపోయిన తరువాతగానీ నా చేయి లేచేది కాదు.

ఒక పెద్ద పోటీకి ముందు సాయంత్రం సార్ కాజీపేట నుంచి ఒక రైల్వే ఉద్యోగి కొడుకును తీసుకొచ్చి, "రేపు గోలుల వీడుంటడు" అన్నారు.

"నేనేం తప్పు చేసిన సార్?" అని అడిగాను.

"నువ్వేం చెయ్యలె. నిన్ను ఎత్తు మీద నిలబెట్టి నేనే చెడగొట్టిన. కొట్టేటోళ్ళు తయారు గావాలంటే ఎవడో ఒకడు నిలబడాలె గద."

"మీరే చెడగొట్టి మీరే తీసేస్తరా?"

"నేను చెడగొట్టిన్నని బంతి నీ మీద జాలి పడ్తదా?"

ఆ మాటకు నవ్విన వాళ్ళు ఉన్నారు.

మా జట్టులో ఒక ఆచారం ఉండేది. చోటు పోయినవాడు, ఆ చోటులోకి వచ్చినవాడి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, అతని స్కేట్లకు లేసులు కట్టాలి. రెండు ముళ్ళు వేసి కొసలు లోపలికి దోపాలి. మరొకరు చేయి వేయకూడదు. "కడుపుల ఏమున్నదో ముడి చెప్తది" అనేవారు సార్. నేను కట్టాను. మరునాడు ఆట ముగిసేదాకా ఆ ముడి ఊడలేదని ఇక్కడ సగర్వంగా చెప్పుకుంటున్నాను.

లేచి నిలబడ్డాక సార్ నాతో, "ఇగ నీ సాయంత్రాలు ఖాళీ. రాత్రి బడికి పో. ఆడ బంతి మెల్లగనే వస్తది" అన్నారు. నేను కోపంతోనే వెళ్ళాను. పదో తరగతి, ఆపై డిగ్రీ, అన్నీ పగలు పనిచేస్తూ పూర్తిచేశాను. ఈ నాలుగు వాక్యాలు ఇలా కూర్చగలుగుతున్నానంటే ఆ కోపమే కారణం. దానికి నేను ఆయనకు ఋణపడి ఉన్నాను. డిగ్రీ పట్టా తీసుకువెళ్ళి చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "మంచిగున్నది. గోలుల గూడ గింత గట్టిగ నిలబడితే ఏం పోయింది?" అన్నారు. ఆయన భార్య లోపలి నుంచి, "జర నోరు మంచిగ పెట్టుకో" అని కసిరింది. తరువాత ఆ పట్టాను ఆయన వీధిలో అందరికీ చూపించారని ఆమె చెబితే తెలిసింది.

మిల్లు అమ్ముడుపోయి ఆ చోట ఫంక్షన్ హాలు వచ్చింది. జట్టు కొంతకాలం చెట్టుకొకరు పుట్టకొకరు అయింది. మొన్నీమధ్య హనుమకొండలో ఒక వ్యాపారి కొత్త రింకు కట్టించి జట్టును రమ్మన్నాడు; కోచ్‌గా మాత్రం ముసలివారైన సార్ వద్దని చెప్పేశాడు. ఆ పదవి కాజీపేట గోల్‌కీపర్‌కే దక్కింది.

తొలిరోజు మేమంతా వెళ్ళాం. పిలవకుండానే సార్ కూడా వచ్చారు. రింకు చుట్టూ ఉన్న కమ్మీ పట్టుకొని మెల్లగా కింద కూర్చొని, కొత్త కోచ్‌తో "కాలు పెట్టు" అన్నారు.

"వద్దు సార్. మీకు దండం పెడ్త."

"నా రూలు నాకు లేదా? పెట్టు."

చక్కెర వ్యాధితో ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది. లేసు మాటిమాటికీ జారిపోయింది. కొత్తగా చేరిన పిల్లలు ఆయనను స్కేట్లు బాగుచేసే ముసలాయన అనుకొని నవ్వారు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. తల ఎత్తకుండానే, "నువ్వాగు. నీ వంతు ఎప్పుడో అయిపోయింది" అన్నారు. చివరకు ముడి పడింది. కొసలు దోపి, కమ్మీ పట్టుకొని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రింకు ముఖం చూడలేదు.

ఆ తరువాత కాలికి పుండు పడింది. మోకాలి దాకా తీసేశారు. దవాఖానకు వెళ్ళి, నొప్పి ఉన్నదా అని అడిగాను.

"ఉన్న కాలు మంచిగనే ఉన్నది. తీసేసిందే నొస్తాంది" అన్నారు. గోడ వైపు చూస్తూ, "తీసేసినోళ్ళందరికి గిట్లనే ఉంటుండెనేమో" అన్నారు.

అంత్యక్రియల నాడు ఐస్ బాక్సు నుంచి తీసి, స్నానం చేయించి, పాడె మీద పడుకోబెట్టాక, కాలి బొటనవేళ్ళను కలిపి కట్టలేదని ఎవరో గుర్తుచేశారు. కులపెద్ద దారం తెచ్చి, గుడ్డ తొలగించి, అలాగే నిలబడిపోయాడు. "దేనికి దేన్ని కట్టాలె?" అన్నాడు.

నేనూ కాజీపేట తమ్ముడూ ఒకేసారి మోకాళ్ళ మీద కూర్చున్నాం. అతడు నన్ను చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఒక్క వేలికే దారం చుట్టి రెండు ముళ్ళు వేశాను. వేలు చల్లగా, బిగుసుకొని ఉంది. కొసలు దోపడానికి చోటు లేదు. పాడె లేచినప్పుడు అవి గాలికి అటూ ఇటూ ఊగుతూ, వీధి మలుపు దాకా కనిపించాయి.