కలరా ఉండల వాసన

చెరకు తోటల దీవిలోని నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్లో, బిడ్డ పుట్టిన ఇంటికి అమ్మాయమ్మ వచ్చిందంటే ముందు బిడ్డ ముఖం చూడదు. బిడ్డకు చుట్టిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. పెట్టెల్లో పురుగు పట్టకుండా వేసే కలరా ఉండల వాసన తగిలిందా, ఇక ఆ ఇంటివాళ్ల పని అయిపోయినట్టే. బాలింత అని చూడదు, ఆమె అత్తగారని చూడదు. చెడామడా తిట్టి, ఆ గుడ్డలన్నీ ఉతికించి, తాడు మీద ఆరేయించి గానీ కదలదు. ఏడాదిలో సగం రోజులు జల్లు పడే ఊళ్లో ఆరేస్తే మాత్రం ఆరి చస్తాయా? "ఈ ముసల్దానికి చాదస్తం" అని జనం విసుక్కుంటారు. ఆవిడ విసుగు ముందు వాళ్ల విసుగు ఏపాటిది!

ఆవిడ విసుగు 1944లో మొదలైంది. తొలిచూలు కొడుకు పుట్టిన నాలుగో రోజుకు ఒళ్లంతా పచ్చబడ్డాడు, పాలు మానేశాడు, ఏడో రోజున పోయాడు. తర్వాత వసంతి పుట్టింది. గుండ్రాయిలా నిలిచింది. ఆ తర్వాత మళ్లీ మగపిల్లాడు. మళ్లీ అదే పచ్చదనం, అదే ఏడో రోజు.

పిల్లలు పోయినందుకు తీరిగ్గా ఏడ్చుకోనిచ్చారా అంటే, అదీ లేదు. దిష్టి అని ఒకరు, గ్రహం అని ఇంకొకరు. భజన నడిపే దాసుగారు మొక్కు ఏదో మిగిలిపోయి ఉంటుందన్నాడు. ఆడబిడ్డ రత్నమ్మ అయితే ఏకంగా "నీ పాలు మంచివి కావు వదినా" అని నలుగురిలో అనేసింది. అవే పాలు తాగి వసంతి పెరిగిందిగా అని అమ్మాయమ్మ అడిగితే, ఆడపిల్ల లెక్క వేరట. చివరికి ఊరంతా కలిసి ఒక మాట ఖాయం చేశారు, ఆ ఇంట మగపిల్లలు దక్కరని. భర్త పెంటయ్య ఒక్కడే ఏమీ అనలేదు. గునపం భుజాన వేసుకుని చెరకు చేలోకి పోయేవాడు. ఆ మౌనం ఆవిడకు అందరి మాటలకన్నా ఎక్కువ మంటెత్తించేది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. రామభజనం నాడు దీపం కింద పరిచే పసుపు గుడ్డనే పుట్టిన బిడ్డకు మొదట చుట్టాలి. అత్తగారు పోతూ పోతూ ఆ గుడ్డను అమ్మాయమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని రేకు పెట్టెలో, పెంటయ్య పెళ్లికోటు పక్కన ప్రాణంలా దాచింది. తేమకూ బొద్దింకలకూ భయపడి చీనావాడి కొట్లో కలరా ఉండలు తెచ్చి వేసింది. మొదటి కొడుకు పోయాక, గుడ్డకు ఏ పురుగు ముట్టిందో అన్న అనుమానంతో నాలుగు ఉండల చోట పది వేసింది. ఇంకొకరైతే అంత శుభ్రం పాటించేవారా?

1967 ఫిబ్రవరిలో వసంతి పురిటికి పుట్టింటికి వచ్చి మగపిల్లాణ్ని కంది. అమ్మాయమ్మ పెట్టె తెరిచి గుడ్డ తీసి మనవడికి చుట్టింది. నాలుగో రోజు పొద్దున చూస్తే బిడ్డ కళ్లు పచ్చగా ఉన్నాయి.

చూడటానికి వచ్చిన రత్నమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఆయో వదినా! సెప్పలేదా, ఈ ఇంట్లో మగ..."

"నోరు ముయ్యి! ఇంకొక్క మాటన్నావంటే సీపురు తిరగేస్తాను," అంది అమ్మాయమ్మ. ఏడుస్తున్న కూతుర్ని ఒక చేత్తో లాగి, బిడ్డను గుడ్డతో సహా రొమ్ముకు అదుముకుని బస్సెక్కింది. ఈసారి ఏడో రోజు దాకా ఆగే ఓపిక ఆవిడకు లేదు.

పట్నం ఆసుపత్రిలో నర్సు మోనిక్ బిడ్డ మీదికి వంగి, ముక్కు చిట్లించింది. "గ్రాన్‌మేర్, అమ్మమ్మగారూ, ఈ గుడ్డకు నాఫ్తలిన్ వాసనేంటి?" అంటూ గుడ్డ విప్పి దూరంగా పడేసింది. దీపం కింద పరిచే గుడ్డను నేల మీద పడేసినందుకు అమ్మాయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈలోగా విదేశంలో చదివి వచ్చిన కుర్ర డాక్టరు వచ్చి, వాసన చూసి, నెమ్మదిగా, దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్ భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్ర రక్తకణంలో ఒక ప్రొటీను కాపలా ఉంటుందట. ఈ బిడ్డ రక్తంలో అది చాలినంత లేదట.

"ప్రొటీనా?" అమ్మాయమ్మ అందుకుంది. ఆ మాట బిడ్డలను తూచే నర్సమ్మల దగ్గర వినీ వినీ ఉంది. "పురిటికొచ్చిన కాణ్నించీ దీనికి పప్పు పెట్టినాను దొక్తేర్! సేపలు పెట్టినాను! ఇంకేటి పెట్టాలి?"

"తిండితో వచ్చేది కాదమ్మా. ఒంట్లోనే తయారయ్యేది. కాపలా లేని కణం, కలరా ఉండల్లో ఉండే ఈ నాఫ్తలిన్ లాంటిది సోకితే తట్టుకోలేక పగిలిపోతుంది. అందుకే ఈ పచ్చదనం."

ఆవిడ ఓపిక నశించింది. ఇరవై మూడేళ్లుగా పాలన్నారు, మొక్కన్నారు, ఇప్పుడు పెట్టె అంటున్నారు! "ఇదే గుడ్డ దీనికీ సుట్టినాను," అని వసంతిని ముందుకు తోసింది. "దీనికేటైంది? సూడండి!"

"మగపిల్లలకు కూడా చుట్టారా?" అన్నాడు డాక్టరు.

అమ్మాయమ్మ రెండు వేళ్లు చూపించింది.

ఈ లోపం తల్లికి తెలియకుండానే ఆమె నుంచి కొడుకులకు వస్తుందనీ, ఆడపిల్లలు చాలావరకు తట్టుకుంటారనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ అతను చెప్పాడు. తమకే పదేళ్ల కిందట తెలిసిందన్నాడు.

"పదేళ్లా?" అంది ఆవిడ. "నా బిడ్డలు అంతకు ముందే పోనారు బాబూ. అంత తీరిగ్గా కనిపెట్టినారా?"

డాక్టరు బిడ్డకు రక్తం మార్చే ఏర్పాట్లకు వెళ్లాడు. అమ్మాయమ్మ బెంచీ మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల మీద మండిపడటమే అలవాటైన మనిషికి తన మీద తాను మండిపడటం ఎలాగో తెలియలేదు. పది ఉండలు వేసిన చేతిని చూసుకుంటూ కూర్చుంది.

బిడ్డ దక్కాడు. మర్నాడు ఆవిడ ఇంటికి వచ్చి, విన్నదంతా పెంటయ్యకు గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆయన విన్నాడు. లోపలికి వెళ్లాడు. ఎప్పటిలాగే గునపం భుజాన వేసుకుని చేలోకి పోయాడు. ఒక్క మాట, కనీసం ఒక్క తిట్టు! ఆవిడ పళ్లు కొరుక్కుంటూ పెట్టె ఖాళీ చేసి, ఉండలు గోతిలో పారేసింది. పెట్టెలో కోటు లేదు. సాయంత్రం అడిగితే "ఉందిలే" అన్నాడు. ఆ మనిషితో వాదించే ఓపిక ఎవరికుంది?

మరుసటి ఏడు మార్చి పన్నెండున దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఊరి బడి ముందు జెండా ఎగరేస్తుంటే జనమంతా పెట్టెల్లోంచి తీసిన బట్టలతో దిగారు. సన్నటి జల్లులో ఆ వాసన గుప్పుమంది. ఏడాది నిండిన మనవణ్ని చంకనేసుకుని, అమ్మాయమ్మ కోటు వేసుకున్న ప్రతి మగాడికీ దూరం జరుగుతూ, తిడుతూ చివరికి గోడవారకు చేరింది. పెంటయ్య మాత్రం తడిసిన చొక్కాతో వచ్చాడు.

"అన్నయ్యకు ఇయాల కూడా కోటు లేదేటి?" అంది రత్నమ్మ, నలుగురికీ వినిపించేలా.

అమ్మాయమ్మకు తల కొట్టేసినట్టయింది. భర్తను పక్కకు లాగింది. "ఉతికి ఇస్తానన్నాను గదా! ఎక్కడ పెట్టినారు ఆ కోటు?"

"సేలో పాతేసినాను."

"ఏటి?"

"నువ్వు ఆసుపత్రి నుంచొచ్చి సెప్పినావు సూడు, ఆ రోజే." పెంటయ్య జెండా వైపే చూస్తున్నాడు. "రెండోవోడు సలికి వణుకుతున్నాడని, పోయేదాకా ఆ కోటే గదే కప్పినాను."

చప్పట్లు మోగాయి. జెండా పైకి వెళ్లింది. అమ్మాయమ్మ మనవణ్ని ఆయన చేతుల్లో పెట్టింది. అలవాటు చొప్పున ఆయన చొక్కా కొస ముక్కు దగ్గరికి లాక్కుంది. చేలో మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. అయినా వదలకుండా అలాగే పట్టుకుని నిలబడింది.