ఆ ఇత్తడి గుండు తూగిందెంత?

వాతావరణ శాఖను నేను ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఒకే ప్రశ్న. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. పదవీ విరమణ రోజున దండ వేశారు, శాలువా కప్పారు. నేను ఆ ప్రశ్న ఎత్తగానే ఫోటో తీసేవాణ్ణి పిలిచారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1943 వేసవిలో నన్ను చిత్తూరు నుంచి తిరుపతి కొండ కింద ఉన్న పైలట్ బెలూన్ కేంద్రానికి అబ్జర్వరుగా వేశారు. యుద్ధకాలం. విమానాలు నడిపేవారి కోసం పైగాలుల వేగాన్ని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తంతి ద్వారా పంపాలి. రబ్బరు బెలూన్ మూతికి ఇత్తడి తూకపు గుండు తగిలించి, అది పైకీ పోక కిందికీ దిగక గాలిలో నిలబడేంత వరకే హైడ్రోజన్ పట్టిస్తాం. గుండు తీసి వదిలితే ఎంత వేగంతో లేస్తుందో పట్టికలో ఉంటుంది. నిమిషానికొకసారి థియోడలైట్ అనే దుర్భిణీలో దాని దిక్కూ కోణమూ చూసి, పట్టిక చెప్పిన ఎత్తుతో కలిపి గాలి వేగం లెక్క కడతాం. బెలూన్ ఎప్పుడూ ఒకే వేగంతో లేస్తుందన్న నమ్మకం మీదే ఆ లెక్కంతా నిలబడింది.

మా బెలూన్ పొద్దున పట్టిక మాట వినేది. మధ్యాహ్నం వినేది కాదు. కొండ బండలు కాలి, గాలి సుడులు తిరుగుతూ కొట్టే వేళ అది మరీ తొందరగా లేచేది. ఊహించి చెప్పడం లేదు. బెలూన్‌కు దారంతో కాగితం తోక కట్టి, ఆ తోక దుర్భిణీలో ఎంత పొడుగు కనబడిందో చూస్తే అసలు ఎత్తు తెలుస్తుంది. ఆ ఎత్తు పట్టిక చెప్పినదానికంటే ఎక్కువ వచ్చేది. ఎత్తు తక్కువ వేస్తే గాలి వేగమూ తక్కువే వస్తుంది. ఆ అంకెను నమ్మి ఎవడో ఒకడు విమానం ఎక్కుతాడు. మధ్యాహ్నం తంతి పంపిన ప్రతిసారీ నాకు కూర్చుంటే కుదురుండేది కాదు.

గ్యాస్ పట్టే మునెయ్యకు అది తమాషా. "పొద్దన్నే నిండు చూలాలి మాదిరి మెల్లగా పోతాది సామీ. మద్యాన్నమైతే కొండమింద ప్రసాదం పెడతా ఉండారని ఎవురో చెప్పినట్టు ఎగబడతాది!" అనేవాడు.

నేను పైకి రాశాను. మద్రాసు నుంచి తనిఖీ అధికారి వచ్చి, నేను గ్యాస్ ఎక్కువ పట్టిస్తున్నానన్నారు. యుద్ధంలో గ్యాస్ దుబారా చిన్న నేరం కాదు. హెడ్ అబ్జర్వర్ పదవి నాకు రావలసిన సమయం అది. మీ చేత్తోనే పట్టించి చూడండి సార్ అన్నాను. మధ్యాహ్నం ఆయనే గాలి తగలకుండా గ్యాస్ గది తలుపులు మూసి, గుండు తగిలించి, గ్యాస్ పట్టించి వదిలారు. దుర్భిణీ ముందూ ఆయనే కూర్చున్నారు. బెలూన్ పట్టికను దాటి పోయింది.

"దొరగారు పట్టిన బుడ్డ గూడా దుడుకుదే సామీ!" అని మునెయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకున్నా నవ్వుతాను.

అధికారి నవ్వలేదు. అయితే నీ గుండే తప్పు, బరువు ఎక్కువ ఉండడం వల్లే గ్యాస్ ఎక్కువ పడుతోందన్నారు. గుండును జేబురుమాలులో చుట్టుకుని, మద్రాసులో తూయించి చెబుతానని రైలెక్కారు.

తూకం సంగతి రాలేదు. కొత్త గుండు ఒకటి వచ్చింది. దాని వెనకే, నేను గ్యాస్ ఎక్కువ పట్టిస్తున్నానన్న మందలింపు వచ్చింది. పదవి ఇంకొకరికి పోయింది. కొత్త గుండుతోనూ మధ్యాహ్నం బెలూన్ అలాగే లేచింది. అదీ రాశాను. జవాబు లేదు.

ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో అదే అధికారి పాఠం చెప్పారు. గుండ్రటి వస్తువు గాలిలో కదిలితే దాని వెనక సుడులు తిరిగే చోటు ఏర్పడి వెనక్కి లాగుతుంది. గాలి అప్పటికే కలతబారి ఉంటే ఆ చోటు చిక్కిపోతుంది, లాగుడు తగ్గుతుంది, బెలూన్ పట్టికకంటే తొందరగా లేస్తుంది. గాలి ఊపు మారేకొద్దీ లాగుడూ మారుతుంది. ఇది మనకు చాలాకాలంగా తెలిసిందే అని కూడా అన్నారు. నేను లేచి నిలబడి, మరి నా గుండు ఎంత తూగింది సార్ అన్నాను. టీ చల్లారిపోతోందని ఆయన బయటికి నడిచారు.

కుదురైన గాలికి కట్టిన పట్టిక కలత గాలికి పనికిరాదు. తేడా వచ్చినప్పుడు మనిషికంటే ముందు పట్టికను అనుమానించాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.

ఆయన ఇంకా మద్రాసులోనే ఉన్నారు. గుండును తూచే ఉంటారు, లేకపోతే రుమాలులో చుట్టి అంత దూరం మోసుకుపోరు. బరువు ఎక్కువుంటే ఎక్కువుందని చెప్పండి, ఒప్పుకుంటాను. సరిగ్గా ఉంటే నా మీద రాసింది కొట్టేయండి. ఎంత తూగింది సార్?