పిడికెడు జొన్నలు

మా డిపార్ట్‌మెంట్ ఎలుకలు కరవవని క్యాంపస్‌లో పేరు. పంజరంలో చెయ్యి పెడితే తెల్ల ఎలుక తనంతట తానే వచ్చి అరచేతిలో కూర్చునేది. అదీ ప్రయోగం ఆఖరి రోజు పొద్దున, రక్తం తీసి చంపడానికి పట్టుకునేటప్పుడు. వేరే ల్యాబుల వాళ్లు చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకుని తంటాలు పడుతుంటే, మేం మాత్రం "మా అటెండరన్న చేతి మహిమ" అని గొప్పలు పోయేవాళ్లం. ఆ గొప్పలు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

ఆయనది మాణికేశ్వర్ నగర్. ఊళ్లో బోరు ఎండిపోయాక పట్నం వచ్చి, మా యానిమల్ హౌస్‌లో కాంట్రాక్టు మీద చేరాడు. నేను రీసెర్చిలో చేరేసరికి పద్దెనిమిదేళ్లుగా అదే పని. పంజరాలు కడగడం, దాణా వేయడం, నీళ్ల సీసాలు మార్చడం. పర్మనెంట్ చేసే ఫైలు పైనెక్కడో కదులుతోందని పద్దెనిమిదేళ్లుగా వింటున్నాడు.

"ఏం పని అని ఎవరన్న అడిగితే యూనివర్సిటీల ఆఫీస్ల అంట బిడ్డా," అని ఒకసారి నాతో అన్నాడు. "ఎలుకలు సాదుతనంటే నవ్వుతరు. సాది సంపుతరంటే..." అని ఆగిపోయి సీసా కడగడంలో పడ్డాడు.

నేనేమీ తక్కువ తినలేదు. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన ఉద్యోగస్థుల కుటుంబం. పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే "షుగర్ వ్యాధి మీద రీసెర్చి" అని చెప్పి, ఎలుకల మాట మింగేసేదాన్ని.

మా గైడు సారుకు ఒక ఆకు ఉండేది. అడవిలో దొరికే ఆకు, షుగర్ తగ్గిస్తుందని ఆయన పేపర్లు రాశాడు. నాకు ముందు ఆ ఆకు మీదే చాలామంది డాక్టరేట్లు తీసుకుని వెళ్లిపోయారు. పద్ధతి చాలా మామూలుది. ఎలుకలకు షుగర్ వచ్చేలా చేస్తాం. సగం వాటికి ఆకు పొడి పట్టిస్తాం, సగం వాటికి పట్టించం. ఆఖరి సాయంత్రం అన్నిటికీ దాణా తీసేసి, మర్నాడు పరగడుపున రక్తం తీసి చూస్తాం. పొడి తాగినవాటికి ప్రతిసారీ తగ్గేది.

అడిగినవాళ్లకు సారు ఆ పొడి సీసాల్లో పోసి ఇచ్చేవాడు. అటెండరన్నకూ షుగర్ ఉంది. గాంధీ ఆసుపత్రి గోలీలు మానేసి రోజూ ఒక చెంచా పొడే తాగేవాడు.

"ఎలుకలకు నా కండ్ల ముందటనే తగ్గుతున్నది గద, గోలీలెందుకు?" అనేవాడు.

ఒక ఆఖరి రోజున, వేరే పని ఉండి, నేను రెండు గంటలు ముందే ల్యాబుకు వెళ్లాను. చెట్ల వెనక నెమళ్లు ఒకటే అరుస్తున్నాయి. యానిమల్ హౌస్ తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఆయన గొంతుక్కూర్చుని, ఖాకీ చొక్కా జేబులోంచి ఏదో తీసి ఒక్కో పంజరంలో వేస్తున్నాడు.

"అన్నా, ఏం పెడుతున్నారు?"

"జొన్నలు," అన్నాడు. దాచిపెట్టాలన్న ఆలోచన కూడా ఆ మొహంలో లేదు. "పాణం తీసేదాన్ని కడుపు మాడ్చి పంపుతమా బిడ్డా? పోచమ్మకిచ్చే యాటకు గూడ గింత పెట్టి, నీళ్లు తాపినంకనే కదా."

"ఎప్పటినుంచి?"

"వచ్చిన కాడికెళ్లి."

ఎలుకలు ఎందుకు చేతిలోకి వచ్చేవో అప్పుడు తెలిసింది. చెయ్యంటే వాటికి జొన్నలు. నేను నోరు తెరిచేలోపే ఆయన రెండో వరసలోని పంజరాలు చూపించాడు. పొడి తాగనివి అవే.

"గవి మస్తు బక్కగైనయి. చూస్తే పాణం ఊకుంటలేదు. గందుకే వాటికి ఇంకో పిడికెడు ఎక్కువ ఏస్త."

స్టూలు లాక్కుని కూర్చుని లెక్క వేసుకున్నాను. పొడి తాగనివి ఎక్కువ గింజలు తినేవి, అందుకని వాటి షుగర్ పెరిగేది. తాగినవి తక్కువ తినేవి, అందుకని తగ్గినట్టు కనిపించేది. పద్దెనిమిదేళ్లకు పైగా సారు పేపర్లకూ, మా సీనియర్ల డాక్టరేట్లకూ ఆధారం ఈయన జేబు. ఆయన మాత్రం ఖాళీ అయిన జేబు దులుపుకుని బయటికి వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

తర్వాతి బ్యాచికి పెట్టొద్దన్నాను. మెత్తగా కాదు, "పెడితే సారుకు చెప్తాను" అని బెదిరించాను. ఆయన తలవంచుకుని సరే అన్నాడు. ఆ బ్యాచి ఆఖరి పొద్దున ఒక్క ఎలుకా చేతిలోకి రాలేదు. అన్నీ మూలలకు పోయి నక్కాయి. ఒకదాన్ని పట్టుకోబోతే ఆయన కుడిచేతి చూపుడువేలు కొరికేసింది. రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకున్నాడు.

"ఆకలిగొన్నది. దాని తప్పేమున్నది?" అన్నాడు.

అంకెలు వచ్చాయి. పొడి తాగినవాటికీ తాగనివాటికీ తేడా లేదు. ఆకులో ఏమీ లేదు.

సారు కాగితం చూసి, "నీకు చెయ్యడం చాతకాలేదు. మళ్లీ చెయ్యి," అని నా వైపు విసిరాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెబితే అటెండరన్న ఉద్యోగం ఊడుతుంది, ఆయన ఫైలు చెత్తబుట్టలో పడుతుంది, ఆయన కోసమే చెప్పడం లేదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం నా డాక్టరేటు. ఇంట్లో నా వయసు లెక్కపెట్టని రోజు లేదు. మరో మూడేళ్లు మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నాకు భయమేసింది, అంతే.

మూడో బ్యాచి ఆఖరి సాయంత్రం దాణా తీసేస్తూ, "అన్నా, రేపు మీ ఇష్టం," అన్నాను. పెట్టమని అనలేదు. అనకుండా పని జరిపించుకోవడం అప్పటికే నేర్చుకున్నాను. మర్నాడు ఎలుకలు బుద్ధిగా అరచేతిలోకి వచ్చాయి. సారుకు కావలసిన అంకెలు వచ్చాయి. ఆయన భుజం తట్టి థీసిస్ రాసుకోమన్నాడు.

అటెండరన్న వేలు మాత్రం మానలేదు. కట్టు మారుస్తున్నకొద్దీ కింద నలుపు పాకుతోంది. ఒకరోజు ఆగలేక, "గోలీలు కూడా వేసుకోండన్నా," అన్నాను.

"పొడి రెండు చెంచాలు చేసిన బిడ్డా," అన్నాడు ధైర్యంగా. నేను థీసిస్ రాసుకోవడానికి వెళ్లిపోయాను. నా వైవా రోజున అందరికీ చాయ్ తెచ్చి ఇచ్చింది ఆయనే. అప్పటికి ఆ వేలు తీసేశారు. థీసిస్ కాపీ ఒకటి ఆయనకిచ్చాను. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు చూపిస్తే, పుస్తకాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

ఆ డిగ్రీతోనే నాకు అంబర్‌పేట్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పరగడుపు రక్తపరీక్ష ఎందుకు చేస్తామో ప్రతి సంవత్సరం పిల్లలకు బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతాను. ఆ పాఠం ఉన్న రోజు నాకు అన్నం సహించదు.

ఈ వానాకాలంలో ఆయన పనికి రావడం లేదని తెలిసి మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. ఒకటే గది. కుడి కాలికి పాదం నుంచి మోకాలి దాకా కట్టు. గది నిండా పుండు వాసన. గోడకున్న చిన్న అరలో దేవుడి పటాల పక్కన నా థీసిస్. మంచం కింద పొడి సీసా.

ఈసారి చెప్పాలనే వెళ్లాను. "అన్నా, ఆ పొడి మానేయండి. అది పనిచెయ్యదు," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, అరలోని పుస్తకాన్ని చూశాడు. "పనిజేస్తదని నువ్వే రాసినవు గద?"

"తప్పు రాశాను."

"తప్పెట్లయితది? ఎలుకలకు తగ్గింది గద. నేను చూడలేదా?"

జవాబు నా నాలుక మీదే ఉంది. మీ జొన్నలన్నా, అనాలి. ఆ పనిలో ఆయన తలెత్తుకుని చేసింది ఆ ఒక్కటే. అదే ఈ కాలి మీదికి తెచ్చిందనీ, అది తెలిసీ నేను పెట్టనిచ్చాననీ చెప్పాలి. ఆయన భార్య సీసా చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"ఇయ్యాల్నా వద్దా, జెప్పు బిడ్డా," అంది.

నేను అరలోని థీసిస్ వైపు చూపు తిప్పుకున్నాను. ఆమె గ్లాసులో నీళ్లు పోసి, రెండు చెంచాల పొడి కలిపి ఆయనకు అందించింది. ఆయన తాగడం అయ్యేదాకా నేను అక్కడే కూర్చున్నాను.