బార్లీ నీళ్ళు పారబోసిన మనిషి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రసాయనశాస్త్రం చదివి, ఆ చదువుతోనే న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం చేసినవాణ్ణి. కనబడనిదాన్ని నమ్మనని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కనబడినదాన్ని కూడా నమ్మొద్దని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాక, ఇక నమ్మడానికి ఏం మిగిలిందో తెలియదు.

ఎనభైల మొదట్లో సంగతి. అక్కడే ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో అద్దె అపార్ట్‌మెంట్‌లో నేనూ, నా భార్య విశాలా ఉండేవాళ్ళం. నాకు బీపీ ఉందని డాక్టరు ఒంట్లో నీరు తీసే మాత్ర రాసి, ఉప్పు కాస్త తగ్గించమన్నాడు. ఆయన దృష్టిలో తగ్గించడమంటే తగ్గించడమే. మా ఇంట్లో డాక్టరు మాటంటే పథ్యం, పథ్యమంటే చప్పిడి. విశాల పప్పులో, చారులో, మజ్జిగలో ఉప్పు పూర్తిగా మానేసింది. నేను మరీ బతిమాలితే ఆవకాయ ముక్కను కుళాయి కింద కడిగి వేసేది. పైగా మాత్ర వేడి చేస్తుందని చెంబులకొద్దీ బార్లీ నీళ్ళు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడని సామెత. నేను తినకుండానే తాగాను.

ఉప్పులో ఉండే సోడియం గురించి ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. అది నా రక్తంలోనే అడుగంటుతోందని మాత్రం నాకు తట్టలేదు. తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. ఒక ఆదివారం బూట్లు ఫ్రిజ్‌లో సర్ది, ఆఫీసుకని లుంగీతో బయల్దేరానట. పక్కింటివాళ్ళ కారులో విశాల నన్ను ఆస్పత్రికి చేర్చింది.

ఏ జబ్బుతో వచ్చినా సరే, సోడియం ఇలా పడిపోయినవాళ్ళు మిగతావాళ్ళంత సులువుగా కోలుకోరని, కొందరు ఇంటికే వెళ్ళరని డాక్టరు ఆమెకు చెప్పాడు. సెలైను మెల్లగా ఎక్కించాలి. తాగడానికి నీళ్ళు దాదాపు బంద్. ఎక్కువ తాగితే మెదడు వాచి ప్రాణం పోవచ్చు. విశాల అన్నీ శ్రద్ధగా వింది. మర్నాటి నుంచి రోజూ ఫ్లాస్కు నిండా బార్లీ నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టేది. ఆవిడ లెక్కలో బార్లీ నీళ్ళు నీళ్ళు కావు, మందు.

ఆ రోజుల గురించి నాకు గుర్తున్నది తక్కువ. విపరీతమైన దాహం. వెనక ముడి ఊడిపోయే ఆస్పత్రి గౌను. మంచం పక్కన కుర్చీలో ఒక ముసలావిడ. నేతచీర, కొంగు నడుముకి దోపుకుని ఉంది. నేను ఫ్లాస్కు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "ఒద్దు నాయనా" అనేది. అంతే.

నేను ఆవిణ్ణి తిట్టాను. మధ్యాహ్నం విశాల వచ్చేసరికి ఖాళీ కుర్చీని పట్టుకుని తిడుతున్నానట. మా పెళ్ళయ్యాక ఏనాడూ నా నోట వినని మాటలట. ఏమిటవి అని ఎన్నోసార్లు అడిగాను. "ఆ మాటలు నేను అనలేనండీ" అంటుంది ఇప్పటికీ.

ఆపిల్ గుజ్జు గిన్నె కూడా విసిరాను. నర్సు వచ్చి గిన్నె నేల మీంచి తీసింది. తుడుద్దామని చూస్తే గోడ మీద గానీ నేల మీద గానీ ఒక్క చుక్క లేదట.

ఉప్పూ కారం తినేవాడికే సిగ్గూ రోషం ఉంటాయంటారు. నా విషయంలో అది అక్షరాలా నిజమైంది. సోడియం పెరిగేకొద్దీ సిగ్గూ పెరిగింది. తెలివి వచ్చాక దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. సోడియం పడిపోతే లేని మనుషులు కనబడతారని, నా తప్పేం లేదని డాక్టరు ధైర్యం చెప్పాడు. నమ్మాను. హాయిగా అనిపించింది.

అప్పుడు విశాల గర్వంగా అంది, "నా బార్లీ నీళ్ళు కూడా పనిచేశాయి డాక్టర్. రోజూ ఫ్లాస్క్ ఖాళీ చేసేశారు."

డాక్టరు ముఖం మారింది. రోజూ అన్ని నీళ్ళు తాగి ఉంటే సోడియం పెరిగే ప్రసక్తే లేదన్నాడు. ఈపాటికి నేను ఉండేవాణ్ణి కాదన్నాడు. నర్సులు ఆ ఫ్లాస్కు ముట్టుకోలేదన్నారు. నేను లేచి వాష్‌బేసిన్ దాకా నడిచే స్థితిలో లేను.

పక్క మంచం మీద వాల్టర్ అనే రిటైరైన బస్సు డ్రైవరు ఉండేవాడు. విరిగిన కాలు పైకి కట్టి వేలాడదీశారు, కదల్లేడు. డాక్టరు వెళ్ళాక, "మీ పెద్దావిడ పారబోసేది కదా, సింకులో," అన్నాడు. "ఇవాళ రాలేదేం?"

మాకు అక్కడ పెద్దావిడంటూ ఎవరూ లేరు. ఆ ఊళ్ళో అప్పట్లో ఉన్న తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరూ మా ఈడువాళ్ళే.

నొప్పి మందుల మత్తులో వాల్టర్‌కీ ఏదో కనబడి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇద్దరికీ ఒకే మనిషి ఎలా కనబడింది, కనబడిన మనిషి ఫ్లాస్కు మూత ఎలా తీసింది అన్నదాకా వచ్చేసరికి నా శాస్త్రం చప్పబడిపోయేది. ఇప్పటికీ అంతే.

విశాలకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ప్రాణం నిలబెట్టిన మనిషికి చీర పెట్టుకోవాలంది. సుమంగళో కాదో తెలిస్తే గానీ ఏ చీర పెట్టాలో తేలదు. తన నుదుటి బొట్టు మీద వేలు పెట్టి, "ఆవిడకి ఇది ఉందా?" అని వాల్టర్‌ని అడిగింది.

వాల్టర్ నా వైపు చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"చూడలేదమ్మా. మీ ఆయన గిన్నె విసిరితే ఆమె మొహానికే తగిలింది. చీరతో తుడుచుకుని మళ్ళీ అక్కడే కూర్చుంది. ఆ తర్వాత ఆమె మొహం చూడాలంటే నాకే సిగ్గేసింది."