మనిగోగారు భోజనానికొస్తే

డాక్టర్ ఆర్నెట్టా మనిగోగారికి ఒకటే జబ్బు. చెంచా కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

ఇవెట్ సింగిల్టన్ తలుపు తట్టి ఆవిడ గదిలోకి వెళ్ళేసరికి కూడా ఆ చేతులు ఆ పనిమీదే ఉన్నాయి. పుస్తకాలు ఉండవలసిన బల్లకు ఇనప వైసు బిగించి ఉంది. అందులో ఒక చెంచా ఇరుక్కుని ఉంది. ఆవిడ రంపంతో గట్టిగా నాలుగు లాగులు లాగింది. చెంచా తల టంగుమని నేలమీద పడింది. మిగిలిన కాడను తిప్పి బిగించి ఆకురాయి అందుకుంది. ఒక మూల ముసలాయన ఒకడు కూర్చుని చేపల వల బాగుచేసుకుంటున్నాడు. కాలేజీలో ఆయనకేం పనో ఇవెట్‌కు అర్థం కాలేదు.

"మేడమ్, నేను ఆఫ్రికానా స్టడీస్ మేజర్‌గా తీసుకుందామనుకుంటున్నాను."

"మంచిది బంగారం. ఇలా వచ్చి ఈ చివర పట్టుకో. కదిలిందంటే నా వేలు పోతుంది."

ఇవెట్ పట్టుకుంది.

"ఎందుకు తీసుకుంటావు?"

అద్దం ముందు సాధన చేసి తెచ్చుకున్న ఉపన్యాసం ఇవెట్ మొదలుపెట్టింది. "మన జాతి చరిత్ర, మన అస్తిత్వం, వాటి మూలాలు..."

"అవి పరీక్షలో రాయి, మార్కులేస్తాను. నాకు నిజం చెప్పు."

ఇవెట్ ఉపన్యాసం వదిలేసింది. "మొన్న క్లాసులో మీరొక ఫోటో చూపించారు. ఆఫ్రికాలో, సియెర్రా లియోన్‌లో ఒకావిడ వడ్లు చెరుగుతోంది. ఆవిడ చేతిలో చేట అచ్చం మా నాన్నమ్మ వంటింట్లో మేకుకు వేలాడే చేట. అదే గడ్డి చుట్ట, అదే కుట్టు. బానిసలుగా అంత సముద్రం దాటి, అన్ని కష్టాలు పడి వచ్చినవాళ్ళకి ఆ కుట్టు ఎలా గుర్తుందా అని..."

ఆకురాయి ఆగింది.

"ఊఁ," అంది మనిగోగారు. "ఇప్పుడు సరిగ్గా పట్టుకున్నావు."

తర్వాత తన షరతు చెప్పింది. మేజర్, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు, ఖాయం చేసే కాగితం మీద ఆవిడ సంతకం కావాలంటే ముందు ఒక బుట్టకి అడుగుభాగం కుట్టుకు రావాలి. దానిమీద కాఫీ కప్పు పెడితే ఒలక్కుండా నిలబడాలి. "ఊరికే మాట్లాడేవాళ్ళకి పక్క బిల్డింగులో బోలెడు సబ్జెక్టులున్నాయి," అని కూడా చెప్పింది.

అమెరికా దక్షిణ తీరాన ఈ చార్ల్‌స్టన్ చుట్టుపక్కల బుట్టలు అల్లరు, కుడతారు. సముద్రపు ఒడ్డున దొరికే సన్నగడ్డిని తాడులా పేర్చి చుట్ట చుడుతూ, ఈత కమ్మ లాంటి ఆకు చీలికలతో చుట్టకీ చుట్టకీ కుట్టు వేసుకుంటూ పోతారు. సూది పనికిరాదు. గడ్డిలో కన్నం పొడవడానికి చెంచా కాడను అరగదీసి వాడతారు. పూర్వం ఆవు పక్కటెముకతో చేసేవాళ్ళట. అందుకని చెంచా కాడైనా దాని పేరు ఎముకే.

అదీ ఆవిడ జబ్బుకు కారణం. కారణం తెలిసినంత మాత్రాన ఎవరి చెంచాలూ మిగల్లేదు.

కాలేజీ క్యాంటీను ఆవిడ ధాటికి తట్టుకోలేక ప్లాస్టిక్ చెంచాలకు మారింది. కాలేజీ అధ్యక్షుడు విందు ఇచ్చినప్పుడు ఆవిడ పక్కన కూర్చున్న బిషప్పుగారు ఐస్‌క్రీముకు చెంచా వెతుక్కుని వెతుక్కుని చివరకు ఫోర్కుతో కానిచ్చారు. చర్చివాళ్ళలో ఎవరైనా పోతే, సమాధి దగ్గర్నుంచి భోజనాలకు వచ్చేటప్పుడు అందరూ పోయినవాళ్ళను తలుచుకుని ఏడుస్తుంటే, వంటశాల చూసుకునే సిస్టర్ విల్హెల్మినా మాత్రం చెంచాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

"ఆర్నెట్టా, ఇలా నా మొహంలోకి చూడు. సంచి విప్పు."

"దేవుడి ఇంట్లో సోదాలేంటి సిస్టర్!"

"దేవుడి చెంచాలు గనకనే అడుగుతున్నా."

ఒకసారి విద్యార్థులంతా పోగై ఆవిడ పుట్టినరోజుకు మెరిసిపోయే కొత్త చెంచాల పెట్టె ఒకటి కొనిచ్చారు. ఇకనైనా ఊరు బాగుపడుతుందని. ఆవిడ పెట్టె తెరిచి చూసి మూసేసింది. "థాంక్స్ పిల్లలూ. కాని ఇవేం చేసుకోను? వీటితో ఒక్కరైనా తిన్నారా?" పెట్టె సొరుగులోకి పోయింది. మర్నాడు క్యాంటీను మేనేజరు సొంత చెంచా మాయమైంది.

ఇవెట్ షరతు సంగతి చెబితే సీనియర్లు మరో మాట అడిగారు. "ఆవిడ మీ ఇంటికి భోజనానికి వచ్చిందా?" లేదని చెబితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ముసిముసిగా నవ్వారు. ఎందుకో చెప్పలేదు.

అయితే ఇవెట్‌కు బుట్ట కంటే పెద్ద చిక్కు ఇంట్లోనే ఉంది. ఆ చిక్కు పేరు రూఫస్ సింగిల్టన్, ఆమె తండ్రి. రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలడు. కూతురు అకౌంట్లు చదవాలని ఆమె పుట్టినప్పుడే నిర్ణయించుకున్నాడు. సోమవారం సాయంత్రంలోగా మేజర్ ఏదో కాలేజీకి తేల్చి చెప్పాలి. ఆయన కాదంటే ఇవెట్ ఎదిరించి చదవలేదు. చదివించేది ఆయన. పైగా ఆయన మూతి ముడుచుకుని కూర్చుంటే ఆ ఇంట్లో అన్నం సహించదు.

"ఆదివారం భోజనానికొస్తాను. మీ నాన్నతో మాట్లాడతాను," అంది మనిగోగారు.

ఇవెట్‌కు ముందు ఇంట్లో చెంచాలు గుర్తొచ్చాయి.

ఆదివారం అమ్మ ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళింది. ఇవెట్ తెలివిగా బల్లమీద ప్లాస్టిక్ చెంచాలు సర్దింది. ఊరంతా మిస్ ఎర్లీన్ అని పిలిచే నాన్నమ్మ చర్చి టోపీ ఇంకా తీయకుండానే అది చూసి మండిపడింది.

"ఇంటికొచ్చిన టీచరుకి ప్లాస్టిక్ చెంచా పెడతావా? పరువు తీస్తావా?" అంటూ అల్మారాలోంచి మంచివన్నీ తీసి పరిచింది. వాటి మధ్యన అన్నం వడ్డించే పొడుగు కాడ గరిటె పెట్టింది. ఆ గరిటె నాన్నమ్మ వాళ్ళమ్మది. ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ అన్నం పెట్టిన గరిటె అది. మనిగోగారు దాన్ని చూసిన చూపు ఇవెట్ చూసింది.

ఎర్రన్నం, రొయ్యలు, బెండకాయ కూర వడ్డించారు. రూఫస్ ఇంజను విప్పినట్టు సూటిగా మొదలుపెట్టాడు.

"డాక్టర్‌గారూ, ఈ చదువు చదివితే మా అమ్మాయి ఏమవుతుంది?"

"ఈ అన్నానికి పొగ వాసన భలే పట్టింది. సాసేజి ఎవరి దగ్గర కొన్నారు?"

"నేనడిగింది సాసేజి గురించి కాదండీ."

"నా దగ్గర చదివినవాళ్ళలో లాయర్లున్నారు. మ్యూజియాల్లో ఉన్నారు, బళ్ళలో ఉన్నారు. ఒకడు రొట్టెల కొట్టు పెట్టాడు, మనకంటే బాగున్నాడు. మీ అమ్మాయి ఏమవుతుందో నేను చెప్పలేను. చెప్పేవాళ్ళుంటే వాళ్ళని నమ్మకండి. ఇంకొంచెం అన్నం పెట్టండి."

రూఫస్ ఫోర్కు కింద పెట్టాడు. "నేను రోడ్డు పక్కన గడ్డిలో పెరిగానండీ. మా అమ్మ హైవే మీద బుట్టలు అమ్మేది. నేను బల్ల కింద కూర్చుని ఆకు చీల్చేవాణ్ణి. కార్లు ఆగేవి. ఎండిన గడ్డికి ఇంత రేటా అని నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు మా అమ్మా నవ్వేది. బల్ల కింద నాకు వాళ్ళ బూట్లు కనబడేవి. ఆ గడ్డి నా పిల్ల ఒంటికి అంటకూడదనే ఇంత కష్టపడ్డాను. ఇప్పుడిది కాలేజీకెళ్ళి గడ్డి చదువుతానంటోంది!"

మనిగోగారు వాదించలేదు. ఇవెట్ లేచి వెళ్ళి తను కుట్టిన బుట్ట అడుగు తెచ్చి బల్లమీద పెట్టింది. అది బల్లమీద పడుకోలేదు. కుట్టు కుట్టుకీ భయంతో బిగించి లాగడంతో అంచులు పైకి లేచి, చంటిపిల్లకు సరిపోయే టోపీ అయింది. కప్పు పెట్టి చూస్తే పక్కకి ఒరిగింది.

"ఓరి దేవుడా," అంది నాన్నమ్మ. "ఇలా ఇవ్వు. పీక పిసికినట్టు లాగేవేంటే దాన్ని?" అని లాక్కుని, చేతికందిన ఫోర్కుతో కుట్లు ఒక్కొక్కటే విప్పి, ఫోర్కు మొనతోనే కన్నం పొడిచి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఫోర్కు రెండుసార్లు జారింది. "రోడ్డు వెడల్పు చేసినప్పుడు బల్లతో పాటు నా ఎముకా పోయింది. లేకపోతే చూపించేదాన్ని."

"అమ్మా, అవతల పెట్టు. నీ చేతులు నొప్పి."

"నా చేతులు నొప్పని నీకెవరు చెప్పార్రా? నొప్పని నువ్వే అన్నావు, నేను విని కుట్టడం మానేశాను."

మనిగోగారు ఆ ఫోర్కుని చూసింది. ముసలావిడ బొటనవేలిని చూసింది. తర్వాత గరిటెని చూసింది. నువ్వుల బిళ్ళలు తిని, అందరినీ కావలించుకుని, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

గిన్నెలు కడిగేటప్పుడు తెలిసింది, గరిటె లేదని.

"దొంగతనమా! నా బల్ల దగ్గర తిని, మా అమ్మమ్మ గరిటె ఎత్తుకెళుతుందా? ఆవిడ చేతిలో పిల్లని పెట్టమంటావా?" రూఫస్ అరుపుకి పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది. "రేపే వస్తాను కాలేజీకి. గరిటె తీసుకుంటాను, నిన్ను అకౌంట్లలో చేర్పిస్తాను, పనైపోతుంది."

"నేనూ వస్తా," అంది నాన్నమ్మ. "గరిటె నాది."

సోమవారం ఉదయం ముగ్గురూ ట్రక్కులో దిగారు. రూఫస్ పని బట్టలతోనే ఉన్నాడు. మధ్యాహ్నం తిండి డబ్బా కూడా చంకలో పెట్టుకునే వచ్చాడు. ఈ కాలేజీ గుమ్మం ఆయన తొక్కడం అదే మొదటిసారి. తలుపు తోసి చూస్తే గరిటె తల బల్లమీద వెల్లకిలా పడి ఉంది. కాడ వైసులో ఉంది.

"విరిచేశారా!"

"అరవకండి బాబూ," అన్నాడు మూలనున్న వల ముసలాయన. "నేనూ వచ్చినప్పుడు ఇలాగే అరిచాను. నాది సూపు గరిటె. మా మనవడు ఇక్కడే చదివాడు."

"ఇచ్చిందా మరి?"

"ఇస్తాను, ముందు వల ఎలా వేస్తారో పిల్లలకి చూపించు అంది. చూపిస్తున్నాను. ఇంకా అవలేదు."

మనిగోగారు నవ్వలేదు. ఆకురాయి కింద పెట్టింది. "సింగిల్టన్‌గారూ, కోప్పడండి, తప్పులేదు. మా పిల్లలు చదివేది మీ గురించే. ఒకసారి వచ్చి కనబడండి, మీ పని చూపించండి అని ఎన్ని ఇళ్ళలో బతిమాలానో! అలాగే అనేవాళ్ళు. కాలేజీలో మాకేం పని అనుకుని ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. ఒకసారి పొరపాటున ఎవరింటి చెంచానో నా సంచిలో పడింది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటిల్లిపాదీ ఇక్కడ దిగారు." కాడను వైసులోంచి తీసింది. "అప్పట్నుంచి పొరపాట్లు చేస్తూనే ఉన్నాను. ఇదిగో మిస్ ఎర్లీన్, మీకోసం. ఫోర్కుతో మీరు పడ్డ పాట్లు చూడలేకపోయాను."

సీనియర్లు ఎందుకు నవ్వారో ఇవెట్‌కు అప్పటికి అర్థమైంది.

నాన్నమ్మ చెయ్యి చాపింది. కాని మధ్యలో రూఫస్ చెయ్యి అడ్డం వచ్చింది. కాడ అందుకుని అంచుమీద బొటనవేలు పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఎవరండీ దీన్ని అరగదీసింది?"

"నేనే."

"ఇదేం అరగదీయడం? ఈ అంచు ఇలా ఉంటే ఆకు తెగిపోదూ? మొన చదునుగా ఉండాలి, పక్కలు గుండ్రంగా ఉండాలి. జరగండి. ఆకురాయి అలాగేనా పట్టేది? తోసేటప్పుడు అరగాలి గాని లాగేటప్పుడు కాదు!"

మనిగోగారు బుద్ధిమంతురాలైన విద్యార్థిలా కుర్చీ ఖాళీ చేసింది. రూఫస్ కూర్చున్నాడు. పక్క గదిలోంచి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ మూగారు. ఒకమ్మాయి "ఆకు ఎలా చీలుస్తారండీ?" అని అడిగింది. ఆయన ఆకురాయి ఆపకుండానే చెప్పాడు. తడి ఎంత ఉండాలో చెప్పాడు, ఈనె ఎటు పట్టుకోవాలో చెప్పాడు. బల్ల కింద ఎన్నేళ్ళు కూర్చున్నాడో గాని అన్నీ గుర్తున్నాయి. ఎవరూ నవ్వలేదు. ఒకడైతే రాసుకుంటున్నాడు.

చివరకు కాడను చొక్కాకి తుడిచి తల్లికిచ్చాడు. ఆవిడ దాంతో అరచేతిలో ఒకసారి పొడుచుకుని చూసుకుని, "ఇదీ," అంది. సంచిలోంచి టోపీలా ముడుచుకున్న బుట్ట అడుగు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లలు నేలమీద కూర్చున్నారు.

రూఫస్ వైసు ముందు నుంచి లేవలేదు. కాసేపాగి దగ్గాడు.

"ఇంకో చెంచా ఉందా?"

"ఉంది గాని పనికిరాదు," అంది మనిగోగారు. "మా పిల్లల ఎముక వాళ్ళింటి చెంచాతోనే అవ్వాలి."

రూఫస్ తిండి డబ్బా తెరిచాడు. రోజూ రేవులో తినే తన చెంచా తీసి ఒక్క క్షణం చూసుకున్నాడు. వైసులో బిగించి తల కోసేశాడు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. అయ్యాక కూతురి చేతిలో పెట్టాడు.

"బిగించి లాగకు. చుట్టని దాని మానాన దాన్ని పడుకోనీ."

"మరి అకౌంట్ల సంగతి నాన్నా?"

"సాయంత్రం దాకా టైముందిగా. ముందది కుట్టు."

ఇవెట్ నాన్నమ్మ పక్కన కూర్చుని ఆ బుట్ట అడుగు అందుకుంది. మధ్యాహ్నం భోజనం వేళకు చుట్ట నేలబారుగా పరుచుకుంది. ఇవెట్ చివరి కుట్టు వేసి ఆకు కొస లోపలికి దోపి, లేచి వెళ్ళి మనిగోగారి చేతికిచ్చింది. ఆవిడ దాన్ని బల్లమీద పెట్టి, నిండు కాఫీ కప్పు దానిమీద ఉంచి, చెయ్యి తీసింది. కప్పు కదల్లేదు. కాగితం తీసి సంతకం చేసింది.

"అంతా బాగుంది గాని," అన్నాడు రూఫస్ డబ్బాలో సూపుకేసి చూసుకుంటూ, "నేనిప్పుడు దేంతో తినాలి?"

మనిగోగారు సొరుగులోంచి మెరిసిపోయే కొత్త చెంచాల పెట్టె తీసింది. అందులోంచి ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టింది.

"తినండి. బాగా పాతబడనివ్వండి. మళ్ళీ భోజనానికొస్తాను."